కట్ చెయ్యి వదినా

మా మరిది మీద నాకున్న కోపాన్ని ఇంట్లో అందరూ ఎప్పుడో అయిపోయిన గొడవ అనుకుంటారు. నాకు అయిపోలేదు. ఇది రాస్తుంటే ఒళ్లు మండుతూనే ఉంది. దానితోపాటు కాస్త హాయిగానూ ఉంది, అబద్ధమెందుకు?

హోసూరులో మాది పెళ్లిళ్ల వీడియో స్టూడియో. మా ఆయన ఫోటోలు తీస్తాడు, ఆయన తమ్ముడు డ్రోన్ ఎగరేస్తాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఎడిటింగ్ చేస్తాను. డ్రోన్ ఎగరేయడం నాకూ వచ్చు. ట్రైనింగుకు ఇద్దరం కలిసే పోయాం, లైసెన్సు ఇద్దరికీ ఉంది. కానీ రిమోట్ మాత్రం ఎప్పుడూ అతని మెడలోనే, మూడు ముళ్లు వేసి కట్టినట్టు వేలాడుతుండేది.

అతను తెచ్చే వీడియో ఎలా ఉండేదో నాకు తెలుసు, ఆ దేవుడికి తెలుసు. కెమెరా మట్టం సరిచేయాలంటే డ్రోన్‌ను చదునైన చోట పెట్టాలి. మా మరిది కారు బానెట్ మీద పెట్టేవాడు. బానెట్ వాలుగా ఉంటుందన్న ఇంగితం లేదు. కొండలు, మండపం, పెళ్లికొడుకు అంతా ఒక పక్కకు ఒరిగి వచ్చేది. ఎండలో కెమెరాకు నల్ల ఫిల్టరు తగిలించమంటే, తన కూలింగ్ గ్లాసు చాలని నవ్వేవాడు. రంగులు కెమెరా ఇష్టానికే, ఆటోమేటిక్‌లో వదిలేసేవాడు, ఒక్క షాటులోనే పెళ్లికూతురి చీర పసుపు నుంచి నీలానికి పోయేది. ఒరిగినదాన్ని నేను నిలబెట్టేదాన్ని, ఊగినదాన్ని ఆపేదాన్ని, తెల్లబోయిన ముఖాలకు రంగు తెచ్చేదాన్ని. చూసినవాళ్లు మాత్రం అతని భుజం తట్టేవాళ్లు.

పోనీలే అని అంతా ఓర్చుకున్నాను. అత్తిముగం పెళ్లిలో జరిగినదాన్ని మాత్రం ఓర్చుకోలేదు.

డ్రోన్ లోపల ఒక దిక్సూచి ఉంటుంది. కొత్త చోటికి పోయినప్పుడు డ్రోన్‌ను చేత్తో పట్టుకుని గుండ్రంగా తిప్పి దానికి దిక్కులు చూపించాలి. బద్ధకంతో ఎప్పుడూ ఎగ్గొట్టే ఆ పనిని ఆ రోజు మరిదే చేసి, భోజనానికి లేస్తూ, ఎన్నడూ లేనిది రిమోట్ నా చేతికిచ్చాడు. నేను పైకి లేపానో లేదో, డ్రోన్ నా మాట వినకుండా సుడులు తిరగడం మొదలుపెట్టింది. షామియానా అంచుకు కొట్టుకుని అరిటాకుల కట్ట మీద పడింది. మరిది ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఆడచెయ్యి తగిలితే ఇట్లే ఆయేది! వదినా, నువ్వు ఇంట్లో మౌసు తిప్పుకో పో, నీకు అదే సరి!"

పంక్తిలో కూర్చున్న వాళ్లంతా ఘొల్లుమన్నారు. మా ఆయనా నవ్వాడు. అప్పటి నుంచి బేరిగైలో పెళ్లికి పోయినా, జవళగిరిలో సీమంతానికి పోయినా, బ్యాండువాళ్లతో సహా నన్ను 'మౌసు వదిన' అనేవాళ్లు. రిమోట్ ఒక్కసారి ఇమ్మని అడిగితే ఆ పేరే జవాబు. నాకు కావలసింది ఆ రిమోటే. అది వేరేవాళ్లు దయతలిచి ఇస్తే కాదు, తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలి.

స్టూడియో మార్చాలని కొత్త షాపు చూడబోయినప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. మరిది వాస్తు కోసమని ఫోనులో దిక్సూచి పెట్టుకుని గది గదీ తిరుగుతున్నాడు.

"ఇదేందప్పా ఈ ఫోను! ఈశాన్యం యాడుండాదో చెప్పమంటే ఊరంతా తిరగతా ఉండాది," అని విసుక్కున్నాడు.

నిజంగానే అతను ఫోను చేయి మార్చినప్పుడల్లా ఈశాన్యం మారిపోతోంది. ఒకసారి వెళ్లి బాత్రూములో పడింది. నేను అతని కుడిచేతి వైపు చూశాను. బీపీకి మంచిదని ఎవరో చెబితే అయస్కాంతాల కడియం వేసుకున్నాడు, నిద్రలో కూడా తీయడు. ఆ రోజు డ్రోన్‌ను పట్టుకుని తిప్పిందీ ఆ చేత్తోనే. అత్తిముగంలో డ్రోన్‌కు దిక్కు తప్పించింది ఎవరో నాకు అర్థమైపోయింది. చెబుదామని నోరు తెరిచాను. ఎంగిలి చేత్తో అతను నన్ను చూపించిన తీరు గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాను.

కృష్ణగిరిలో అతని బావమరిది రిసెప్షను వచ్చింది. మండపం వెనక మైదానంలో పెద్ద తెర కట్టించి, డ్రోన్ వీడియో లైవుగా చూపిస్తానని అత్తగారింట గొప్పలు పోయాడు. లైవంటే నా చెయ్యి పడదు, ఎట్లుంటే అట్లే. నాకు తెర పక్కన కూర్చునే పని, ఏ కెమెరా బొమ్మ చూపించాలో బటన్ నొక్కి మార్చాలి. ఆ సాయంత్రం మరిది బానెట్ మీద మట్టం చూసి, అత్తగారింటివాళ్ల ముందు కదా అని ఎగ్గొట్టకుండా కడియం చేత్తో దిక్కులూ తిప్పి, డ్రోన్ లేపాడు. నేను డ్రోన్ బటన్ నొక్కాను.

తెర మీద మండపం ఒరిగింది. ఆ తరువాత తిరిగింది. పక్కన ఖాళీ మామిడితోట మీద డ్రోన్ గానుగెద్దులా చుట్లు కొడుతోంది. కింద మనిషి ఉంటే నేనే ఆపించేదాన్ని, అంత పాపిష్టిదాన్ని కాను. జనం మొదట మెడలు వంచి చూశారు, తరువాత నవ్వడం మొదలుపెట్టారు. చెవిలోని హెడ్‌సెట్‌లో మరిది గొంతు తొందరపెట్టింది.

"కట్ చెయ్యి వదినా! వేరే కెమెరాకు పో, బిర్నా! మా మామ చూస్తా ఉండాడు!"

వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. ఆ నవ్వు ముందు వరస నుంచి చివరి వరస దాకా పోయేదాకా కూర్చున్నాను.

ఎట్లాగో కిందికి దించి, చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చి, మెడలోని రిమోట్ తీసి చాపాడు. "నా వల్ల కాలేదు. నువ్వే పట్టుకో వదినా."

"నాకు చెబితే ఎట్లప్పా? మైకులో చెప్పు."

నా మొహం చూశాడు. బతిమాలినా లాభం లేదని తెలిసినట్టుంది. మైకు తీసుకుని, "ఇప్పుడు మా వదిన ఎగరేస్తారు. ఆమెకు నాకన్నా బాగా వస్తుంది," అన్నాడు. రెండో మాట నేను అడగలేదు, వద్దనీ అనలేదు.

బటన్ల పని మా ఆయనకు అప్పగించాను. మరిదిని ఆ కడియంతో సహా దూరంగా నిలబడమన్నాను. మండపం మెట్టు చదునుగా ఉంటే అక్కడ మట్టం సరిచేశాను. కార్లకు ఎడంగా పోయి దిక్కులు తిప్పాను. ఏటవాలు ఎండ ఇంకా ఉంది, ఫిల్టరు తగిలించి, రంగులు లాక్ చేసి లేపాను. డ్రోన్ గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది. తెర మీద మండపం నిటారుగా ఉంది, కనకాంబరాలు కనకాంబరాల రంగులోనే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు కెమెరాను మెల్లగా మరిది వైపు తిప్పి జూమ్ చేశాను. కందిపోయిన చెవులు, వణుకుతున్న పెదవి, ఎవరి కళ్లలోకీ చూడలేక దించుకున్న తల, అన్నీ అదరకుండా చెదరకుండా తెర నిండా వచ్చాయి. "చాలు వదినా," అన్నాడు హెడ్‌సెట్‌లో. అంత మంచి షాటు నేను ఇంతవరకూ తీయలేదు. మా ఆయనను కట్ చెయ్యమనలేదు, కెమెరా పక్కకు తిప్పనూ లేదు, అలాగే పట్టుకున్నాను.