ఏడు స్క్రూల ఫోను

నా ఫోన్ వెనక డొప్ప గోటితో ఊడుతుంది. దాని కింద బ్యాటరీ, బ్యాటరీ కింద ఏడు స్క్రూలు. ఆ ఏడూ విప్పితే తెర ఒక ముక్క, స్పీకర్ ఒక ముక్క, ఛార్జింగ్ పెట్టే చోటు ఒక ముక్క, కెమెరా ఒక ముక్క. ఏది పాడైతే అది తీసేసి, కొత్తది పెట్టి, మళ్లీ బిగించుకోవచ్చు. ఇలాంటి ఫోన్లు ఉన్నాయని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకి అక్కర్లేదు. ఫిల్మ్ నగర్‌లో ఫోన్‌ని ఎవరూ బాగుచేయించుకోరు. కథాచర్చల్లో రచయితల్ని మార్చినట్టు మార్చేస్తారు.

దీన్ని ఒక సౌండ్ ఇంజనీర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆయన విదేశం నుంచి తెప్పించుకుని, ఆరు నెలలు వాడి, "ఇందులో ఫోటో తీస్తే మా ఆవిడ నేరస్థురాలిలా పడుతోంది, ఇంట్లో గొడవలవుతున్నాయి" అని వదిలించుకున్నాడు. అబద్ధం కాదు. వెలుతురు కాస్త తగ్గితే చాలు, ఆ కెమెరాలో ఎవరైనా పోలీస్ స్టేషన్ గోడ మీది ఫోటోలా ఉంటారు.

మిగతా లోపాలు కూడా ఇక్కడే చెప్పేస్తాను, నన్ను కంపెనీ ఏజెంటు అనుకోకుండా. సెల్ఫీ కెమెరా నా చేతికి వచ్చేనాటికే చచ్చిపోయింది. లావు. జేబులో పెట్టుకుంటే బట్టల సబ్బు పెట్టుకున్నట్టుంటుంది. నీళ్లంటే పడదు, వాన సీను తీసే రోజు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టుకుని తిరగాలి. అన్నీ మార్చుకోవచ్చంటారు గానీ మెదడు మాత్రం మారదు, కొన్నరోజు ఎంత నెమ్మదో చచ్చేదాకా అంతే. కొత్త మోడల్ ముక్క పాత మోడల్‌కి పట్టదు. అన్నిటికంటే పెద్ద తమాషా, ఆ కంపెనీ మన దేశానికి ముక్కలు పంపదు. బాగుచేసుకునే హక్కు ఉంది, బాగుచేసుకోవడానికి సామాను లేదు.

అయినా అదే వాడతాను. మధ్యాహ్నం మూడింటికి సెట్లో సగం ఫోన్లు చచ్చిపోతాయి. లైట్ల డిపార్ట్‌మెంట్ వాళ్ల దయ కోసం అసిస్టెంట్ డైరెక్టర్లందరూ ఎక్స్‌టెన్షన్ బోర్డు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడతారు. నేను జేబులోంచి రెండో బ్యాటరీ తీసి, చచ్చినదాన్ని ఊడదీసి, దీన్ని తోసేసి నా పని చూసుకుంటాను. ఎవరూ చప్పట్లు కొట్టరు. కొట్టాల్సిందే అని నా అభిప్రాయం.

ఒకసారి ఎర్రగడ్డ మెట్రో మెట్ల మీద జారి పడింది. తెర పగిలింది. అలవాటు కొద్దీ టోలిచౌకిలో ఫోన్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి పట్టుకెళ్లాను. వెనక డొప్ప, బ్యాటరీ తీయగానే ఆయన మొహం మాడిపోయింది.

"ఏంది భయ్యా గిది? స్క్రూలన్నీ బైటికే కనిపిస్తున్నయ్. గమ్ లేదు, సీల్ లేదు."

"అవును భాయ్. ఎవరైనా ఇప్పుకోవచ్చు."

"ఎవరైనా ఇప్పుకుంటే నేనేం జెయ్యాలె? దుకాణంల చాయ్ అమ్మాలెనా?"

"స్క్రీన్ దొరుకుతదా?"

"నా దగ్గర దునియాల ఉన్న అన్ని ఫోన్ల స్క్రీన్‌లున్నయ్. దీనిది లేదు. తీస్కపో, జర నా కళ్ల ముందు పెట్టకు."

ఆ సౌండ్ ఇంజనీర్‌నే బతిమాలితే, ఆయనకి తెలిసినవాళ్లెవరో విదేశం నుంచి వస్తూ తెచ్చారు. అయిదు వారాలు పట్టింది. అప్పటిదాకా పగుళ్ల సందుల్లోంచి మెసేజులు చదువుకున్నాను. తెర రాగానే గదిలో చాప మీద కూర్చుని, చిన్న స్క్రూడ్రైవర్‌తో నేనే మార్చాను. ఫోన్ వెలిగింది. ఇరవై ఆరేళ్ల జీవితంలో నా చేత్తో బాగుపడ్డ మొదటి వస్తువు అది. చూడ్డానికి పక్కన ఎవరూ లేరు, ఫ్యాన్ తప్ప.

ఇక సినిమా సంగతి. అప్పటికి అసిస్టెంట్ డైరెక్టర్‌గా రెండు సినిమాలకి పనిచేశాను. రెండిట్లోనూ తెర మీద నా పేరు పడలేదు. ఒకదాంట్లో చివర పేర్లు పరిగెత్తేటప్పుడు కుక్కకి శిక్షణ ఇచ్చినాయన పేరు వచ్చింది, నాది రాలేదు. కుక్క మీద నాకు కోపం లేదు, అది బాగా చేసింది. మూడో సినిమాకి మాత్రం టైటిల్ కార్డు ఖాయమని కో-డైరెక్టర్ మాటిచ్చాడు. నా పని, తెలుగు రాని హీరోయిన్‌కి కెమెరా పక్క నుంచి డైలాగు అందించడం. నేను ఏడుస్తూ చెబితే ఆవిడ ఏడుస్తూ చెప్పేది. ఆ సినిమా మొదటి సగంలో ప్రేక్షకులు చూడబోయే కన్నీళ్లు మొదట నావి.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద ఇంట్లో. గేటు దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ గారు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. లోపలికి వెళ్లే ప్రతి ఫోన్ కెమెరా మీద ఎర్ర స్టిక్కర్ అతికించడం ఆయన పని. హీరోగారి కొత్త గెటప్ బయటికి పోకూడదు కదా. సాయంత్రం వెళ్లేటప్పుడు స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, పీకి పంపిస్తారు. అన్ని సెట్లలోనూ ఉన్నదే. మనం దొంగలమని మన వస్తువు మీదే అతికించి, సాయంత్రానికి కాదని పీకేస్తారు. పీకినా గమ్ మాత్రం ఉండిపోతుంది. మొదటి రోజే నా బుర్రలో అతితెలివి మెరిసింది. గేటు దగ్గరే స్క్రూలు విప్పి, కెమెరా ముక్క బయటికి తీసి, మేనేజర్ గారి అరచేతిలో పెట్టాను. గోరంత డబ్బీ, దానికి సన్నటి పట్టీ.

"ఏంటయ్యా ఇది?"

"కెమెరా సార్."

"ఎవరిది?"

"నా ఫోన్‌ది సార్."

"పగలగొట్టావా?"

"ఇప్పిన సార్. షూటింగ్ అయిపోయేదాంక మీ దగ్గరే పెట్టుకోండి. స్టిక్కర్ ఖర్చు కూడా మిగుల్తది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక కవర్లో వేసి, నా పేరు రాసి, కింద తన సంతకం పెట్టి, సంచీలో పడేశారు. స్టిక్కర్ లేకుండా లోపలికి వెళ్లేది హీరోగారూ నేనూ మాత్రమే. గొప్పగా అనిపించింది. దాదాపు మూడు వారాలు అనిపించింది.

తర్వాత హీరోగారి గెటప్ బయటికి వచ్చేసింది. పొడుగు జుట్టుతో మెట్లు దిగుతున్న ఫోటో. ఉదయం టిఫిన్ టైమ్‌కి అందరి ఫోన్లలో ఉంది. స్టిక్కర్ వేసుకున్న ఫోన్లలోనే ఉంది.

యూనిట్‌లో ఎవరో పోయినంత నిశ్శబ్దం. "డైరెక్టర్ గారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు" అని నలుగురు చెప్పుకున్నారు. నేను వెళ్లేసరికి ఆయన క్యారవాన్‌లో మూడో పెసరట్టు ముట్టుకుంటున్నారు. మేనేజర్ గారు అందరి ఫోన్లూ బల్ల మీద వరసగా పెట్టించి స్టిక్కర్లు చూశారు. అన్నీ చక్కగా ఉన్నాయి. వరస చివర నా సబ్బు బిళ్ల వచ్చింది. స్టిక్కర్ లేదు.

"దీనికి కెమెరా లేదు సార్. మీ దగ్గరే ఉంది," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. వెనక సంగీతం ఒక్కటే తక్కువ. "కెమెరా తీసేయగలిగినవాడివి, ఇంకోటి పెట్టలేవా బాబూ?"

ఒప్పుకోవాలి, మంచి ప్రశ్న. ఈ ఫోన్‌కి ఉన్న అసలు లోపం అదే, పెట్టె మీద రాయరు. మూసేసిన ఫోన్ పొద్దున ఎలా ఉందో సాయంత్రం కూడా అలాగే ఉంటుందని లోకం నమ్ముతుంది. విప్పుకునే ఫోన్‌ని నమ్మదు. విప్పుకునేవాణ్ణి అసలే నమ్మదు.

"ఇంకోటి ఉంటే గద సార్ పెట్టేది. ఒక్క స్క్రీన్ రానీకే అయిదు వారాలు పట్టింది."

"ఎందుకయ్యా ఇంత గొడవ. అందరిలాంటి ఫోన్ కొనుక్కుంటే పోయేది కదా."

మధ్యాహ్నానికి ఒక కాగితం టైపు చేయించారు. 'నా నిర్లక్ష్యం వలన సంస్థకు జరిగిన నష్టానికి చింతిస్తూ క్షమాపణ కోరుకుంటున్నాను. ఇకపై సెట్‌కు మామూలు ఫోన్ మాత్రమే తెస్తాను.' కింద సంతకానికి చోటు. సంతకం పెడితే పనిలో ఉంటాను. లేదంటే మర్నాటి నుంచి రానక్కర్లేదు, టైటిల్ కార్డు మాట మర్చిపోవచ్చు.

కో-డైరెక్టర్ నన్ను పక్కకి తీసుకెళ్లాడు. పదిహేనేళ్లుగా ఇదే ఏరియాలో ఉన్నాడు. మంచివాడు.

"తమ్మీ, పెట్టెయ్ సంతకం. ఏం బోతది? నేను గిట్ల మూడుసార్లు పెట్టిన. ఏమైంది? కో-డైరెక్టర్ అయిన."

"నువ్వు చేసినవా అన్నా, ఆ మూడు?"

"ఒక్కటి చేసిన. రెండు వేరేటోళ్లవి."

"మరి నాకు ఒక్కటి కూడ చెయ్యకుండనే పెట్టమంటున్నవ్."

"అరె, ఇండస్ట్రీల సారీ లెటర్ అంటే అటెండెన్స్ రిజిస్టర్ లెక్క. ఎవడూ చదవడు."

అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. లెటర్ ఎవరూ చదవరు, కానీ అందరూ వింటారు. సినిమావాళ్లంతా ఉండే కృష్ణానగర్‌లో టీ తాగేలోపు 'లీక్ చేసినోడు' అని పేరు పడిపోతుంది. తెర మీద పేరు పడాలని మూడేళ్లు తిరిగినవాడికి, ఈ పేరు ఒక్క పూటలో పడుతుంది. ఇది చాలా వేగంగా పనిచేసే వ్యవస్థ.

మర్నాడు పొద్దున స్టీలు టిఫిన్ బాక్సు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. మూత తీసి, మేనేజర్ గారి బల్ల మీద ఫోన్ ముక్కలన్నీ ఒక్కొక్కటే పేర్చాను. తెర, బ్యాటరీ, స్పీకర్, డొప్ప, స్క్రూలు. జూనియర్ ఆర్టిస్టులు చుట్టూ మూగారు. మధ్యతరగతి పెళ్లిలో సారె చూస్తున్నట్టు చూశారు.

"ఏంటయ్యా ఈ ప్రదర్శన?"

"సార్, వీటిల ఫోటో ఏది తీసిందో చూపియ్యండి. దాన్ని సస్పెండ్ చెయ్యండి. మిగతావాటితో నేను లోపలికి పోత."

"వెటకారమా?"

"కాదు సార్. కెమెరా మీ కవర్ల ఉంది. అది గూడ తియ్యండి, లెక్క పూర్తయితది. సంతకం మాత్రం పెట్టను."

ఆయన పంతానికి సంచీ బోర్లించారు. భోజనాల చీటీలు, జెలుసిల్ మాత్రలు, ఏ రోజు ఎవరు రావాలో రాసిన కాల్ షీట్లు, వాటి మధ్య నా పేరున్న కవరు. ఆ కవరు విడిగా లేదు. మొదటి రోజు కాల్ షీటుకి జోడించి ఉంది. సినిమా ఆఫీసుల్లో ఏ కాగితమూ ఒంటరిగా బతకదు, ప్రతిదాన్నీ ఇంకోదానికి స్టేప్లర్‌తో కొట్టేస్తారు. ఆయన చేయి అలవాటుగా ఆ పని కూడా చేసింది. రెండు పిన్నులు కొట్టింది. ఒకటి కాగితం గుండా పోయింది. రెండోది కాగితం గుండా, కవరు గుండా, నా కెమెరా పట్టీకి సరిగ్గా నడిమధ్యలో నుంచి పోయి, అటు పక్క ముచ్చటగా మడత పడింది.

కో-డైరెక్టర్ దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "సార్, గిది మొదటి రోజే సచ్చిపోయింది. మీ స్టేప్లర్‌తోనే."

మేనేజర్ గారు ఆ పిన్నుని గోటితో గీకి చూశారు. నష్టం చేసింది తన చేయే అని అందరి ముందూ బయటపడ్డాక నా మీద కేసు నిలవదని ఆయనకి తెలిసింది, నా కెమెరా ఇక రాదని నాకు తెలిసింది. రెండూ ఒకే పిన్నుతో. ఫోటో ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించేవాళ్లు మాత్రం ఏడెనిమిది మంది ఉన్నారు.

ఆయన చీటీలన్నీ మళ్లీ సంచీలో వేసుకున్నారు. "సరే, జరిగిందేదో జరిగింది. కానీ లెటర్ టైపు చేయించేశాం కదా. ఫైల్లో ఉంటుంది, ఒక సంతకం పడెయ్."

"లెటర్ బాగనే ఉంది సార్," అన్నాను. "నిర్లక్ష్యం, నష్టం, అన్నీ సరిపోయినయ్. కింద పేరొక్కటి మార్చుకోండి."

జూనియర్ ఆర్టిస్టుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "లోపల హీరోయిన్ గారు వెయిటింగ్. వెళ్లి ఏడు," అన్నారు. వెళ్లి ఏడ్చాను. ఆ రోజు టేకులన్నీ ఒక్కసారికే ఓకే అయ్యాయి.

మొన్న ఎడిటింగ్ అయ్యాక టైటిల్స్ లిస్టు ప్రింటు తీసి ఫిల్మ్ నగర్ ఆఫీసు గోడకి అంటించారు. అందరూ ఎవరి పేరు వాళ్లు ఫోటో తీసుకుంటున్నారు. అసిస్టెంట్ డైరెక్టర్లలో ఆఖరి పేరు నాది. నేను దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, నాలుగుసార్లు చదువుకున్నాను. మేనేజర్ గారు వెనక నుంచి వచ్చి ఆగారు.

"ఫోటో తీసుకోవయ్యా, ఇంట్లో చూపించుకోవచ్చు."

"కెమెరా లేదు సార్."

ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు. "ఇంకా రాలేదా ఆ ముక్క?"

"ఈ దేశానికి పంపరంట సార్. విదేశం నుంచి వచ్చేటోళ్లని అడుగుతూనే ఉన్న."

"మరి ఇన్ని నెలలు... కొత్త ఫోన్ కొనుక్కోవచ్చు కదా బాబూ!"

"ఎందుకు సార్? ఫోన్ బాగనే ఉంది."