రికార్డింగ్ రూంలో ఆమె లాగిన్

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో నేను కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. డైలాగు స్క్రిప్టులు టైపు చేసే పెద్దావిడ మధురానగర్ నుంచి వచ్చేవారు. యాభై దాటిన మనిషి, కాకినాడ వైపు మాట. నెలకు మూడుసార్లయినా నాకు ఆమె నుంచి ఫోను వచ్చేది.

"బాబూ, నిన్న చేసిన దిద్దుబాట్లు లేవు. అక్షరాలు కూడా మళ్లీ చిన్నవైపోయాయి."

మా దగ్గర ఎవరు ఏ కంప్యూటర్లో లాగిన్ అయినా వాళ్ల ఫైళ్లు, సెట్టింగులు సర్వర్ నుంచి వచ్చేవి, లాగౌట్ అయితే తిరిగి అక్కడికే వెళ్లేవి. దాన్నే ప్రొఫైల్ అంటాం. ఆమె ప్రొఫైల్ పాడైందనుకుని తీసేసి కొత్తది చేసేవాణ్ని. పోయిన పని ఆమె మళ్లీ చేసుకునేవారు. ఒక్కసారీ విసుక్కోలేదు.

అయిదోసారి నాకే సిగ్గేసింది. ఆమె పేరు ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో సర్వర్లో చూశాను. రెండు చోట్ల ఉంది. ఒకటి ఆమె సీటు, రెండోది కింద రికార్డింగ్ రూం. రెండు చోట్ల తెరిచి ఉంటే, ఆఖరున మూసినది, ముందు మూసినచోట చేసిన మార్పుల్ని సర్వర్లో చెరిపేస్తుంది.

"మీరు కింద కూడా పనిచేస్తున్నారా అండీ?"

"లేదు బాబూ," అని ఆమె మళ్లీ టైపు చేయసాగారు.

కిందికి వెళ్లాను. సౌండ్ ఇంజనీరు, బోరబండ అతను, ఆమె లాగిన్‌లో కూర్చుని ఒక డైలాగు దిద్దుతున్నాడు. మైకు ముందు ఆర్టిస్టు మాట మారిస్తే స్క్రిప్టులోనూ మార్చాలి.

"అమ్మను ఏమనకన్నా. పాస్‌వర్డ్ నేనే అడిగి తీస్కున్న," అన్నాడు.

"నీ లాగిన్ ఏమైంది?"

"దాంట్ల తెలుగు లేదు. రెండుసార్లు చెప్పిన నీకు. రేపు చూద్దామన్నవ్."

అన్నాను, నిజమే. పైగా పాస్‌వర్డ్ ఎవరికైనా ఇస్తే లాగిన్ తీసేస్తామని అందరికీ మెయిల్ పెట్టింది కూడా నేనే. అందుకే ఇద్దరూ నోరు విప్పలేదు. నేను చేయని పనికి ఆవిడ ఇన్నాళ్లూ రెండేసిసార్లు టైపు చేస్తూ వచ్చారు.

అతని లాగిన్‌లో తెలుగు కీబోర్డు పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత పైకి వెళ్లి ఆమెకు సంగతి చెప్పాను.

"నా లాగిన్ తీసేస్తారా?" అని అడిగారు.

"లేదండీ. తప్పు నాది."

"అతని ఉద్యోగానికి ఏమీ కాదు కదా?"

కాదన్నాను. అప్పుడు గానీ ఆమె కుర్చీలో వెనక్కి వాలలేదు.

సాయంత్రం స్టూడియో మేనేజరు ఆమె పని ఎందుకు పోతోందో కారణం అడిగితే, రికార్డింగ్ రూంలో తెలుగు కీబోర్డు పెట్టమన్నప్పుడు నేను పెట్టలేదని రాసి ఇచ్చాను, పాస్‌వర్డ్ సంగతి రాయలేదు. ఆయన చదివి, "ఇంతేనా?" అన్నాడు. ఇంతేనన్నాను. ఆ తర్వాత ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు.