రోజూ ఒకే వాతావరణం

జనవరి నెల రెండో సోమవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. మావీ దీవిలో మా అమ్మాయి ఇంటి వంటగదిలో కూర్చుని నేను ఆ రోజు వాతావరణం పైకి చదివాను. తప్పు చదివాను. గదిలో నలుగురం ఉన్నాం. ఎవరూ తప్పు పట్టలేదు.

నా సంగతి ముందు చెప్పాలి. నేను చిన్నప్పుడు బడికి పోలేదు. చీరాల వైపు పొగాకు గ్రేడింగులో పనిచేశాను. ఆకు రంగు చూసి, వేళ్ళతో పట్టి చూసి ఏ రకమో చెప్పేదాన్ని. బేలుకు కట్టిన చీటీ మాత్రం చదవలేకపోయేదాన్ని. అంకెలు వచ్చు. తూకం దగ్గర మోసపోకూడదని అవి ముందే నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు యాభై ఒకటో ఏట వచ్చాయి. ఊరి బడి వరండాలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకు చెప్పేవారు. మొదటి రోజు పలక పట్టుకుని పోతుంటే వీధిలో ఆడవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో సగం మందికి సంతకం రాదు.

మా అమ్మాయి ఈ దీవిలో ఆసుపత్రిలో డాక్టరు. నేను ఇక్కడికి వచ్చి ఆరేళ్ళు. మా అక్క చీరాలలో ఉంటుంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నన్ను పెంచింది ఆమే. తుంటి విరిగాక కర్రతో నడుస్తోంది, విమానం ఎక్కలేదు. ఆమె దగ్గర ఒక రెండేళ్ళు ఉండాలని నా కోరిక. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు అలా ఉండటానికి లేదు. ఆరు నెలలు దాటితే ప్రశ్నలు, ఏడాది దాటితే కార్డుకే ఎసరు. అలాగని కార్డు వదులుకుని అక్కడే ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. నాకు రెండు ఇళ్ళూ కావాలి. దానికి దారి ఒకటే, ఇక్కడి పౌరసత్వం. దానికి పరీక్ష ఉంది. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉన్న ముసలివాళ్ళకు ఇంగ్లీషు మాఫీ అట. నాకు ఆరేళ్ళే కాబట్టి ఇంగ్లీషు తప్పదు. మూడు వాక్యాలు చూపిస్తారు, అందులో ఒక్కటైనా పైకి చదవాలి. పరీక్ష ఆ వారంలోనే, గురువారం, హోనలూలూలో.

చదువు చెప్పే బాధ్యత మా మనవరాలు తీసుకుంది. దానికి పదిహేనేళ్ళు. ఇక్కడే పుట్టింది. "అమ్మమ్మా, పిల్లల బుక్స్ వద్దు. బోరింగ్. వెదర్ చదువు. రోజూ సేమ్ వర్డ్స్ వస్తాయి, ఈజీ" అంది. ప్రతి ఉదయం కంప్యూటర్లో ఆ రోజు వాతావరణం పేజీని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి నా ముందు పెట్టేది. మొదటి నెల పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా చెప్పింది. తరవాత నేనే చదవడం మొదలుపెట్టాను.

అది అన్నది నిజమే. ఇక్కడ వాతావరణం మారదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం గాలి. కొండల వైపు చిన్న జల్లు. మిగతా అంతా ఎండ. "మోస్ట్‌లీ సన్నీ. ఐసొలేటెడ్ షవర్స్. నార్త్ఈస్ట్ విండ్స్ ఫిఫ్టీన్ టు ట్వంటీఫైవ్." అంకెలు మాత్రం అటూ ఇటూ అవుతుంటాయి. ఎనిమిది నెలలు రోజూ వేలు పెట్టి చదివాను. మా అల్లుడు ఫోనులో వీడియో తీసి వాళ్ళ అన్నగారికి పంపేవారు. ఆయన ఉండేది చలికాలమంతా మంచు కురిసే నోవై ఊళ్ళో. ఒకసారి ఫోను చేసి, "అత్తయ్యగారూ, ఇక్కడ మాకు స్నో తోడలేక నడుములు పోతున్నాయి. మీరేమో రోజూ సన్నీ, సన్నీ అని చదివి మా కడుపు మండిస్తున్నారు" అన్నారు.

ఆ సోమవారం కూడా అలాగే చదివాను. అమ్మాయి కాఫీ నిలబడి తాగుతూ "గుడ్ అమ్మా, గురువారం ఇలాగే చదువు" అని బయలుదేరింది. అల్లుడు ఆఫీసుకి, మనవరాలు బడికి.

నేను పెరట్లో పాతచీర పరిచి ఊరమిరపకాయలు ఎండబెట్టాను. మజ్జిగలో మూడు రోజులు నానినవి. ఎండకు అది రెండో రోజు. మామూలుగా చీర నాలుగు మూలలా రాళ్ళు పెట్టకపోతే గాలికి నిలవదు. ఆ రోజు రాళ్ళతో పని లేకపోయింది. కొబ్బరాకు కదలడం లేదు. ఒళ్ళంతా చెమట. కొండ మీద పొగలా మసక. గాలి లేకపోతే కాయ బాగా ఎండుతుందనుకున్నాను, అంతే.

తొమ్మిదిన్నరకు పక్కింటి ముసలావిడ గోడ దగ్గరికి వచ్చింది. ఆమెది ఫిలిప్పీన్సు. యాభై ఏళ్ళుగా ఈ దీవిలోనే ఉంటోంది. ఆమె ఇంగ్లీషు కొంచెం, నా ఇంగ్లీషు ఇంకొంచెం తక్కువ, అందుకే మాకు బాగా కుదురుతుంది. మిరపకాయలు చూపించి చెయ్యి ఊపింది.

"టేక్ ఇన్, టేక్ ఇన్. బిగ్ రెయిన్."

"నో రెయిన్" అన్నాను. "పేపర్. మోస్ట్‌లీ సన్నీ."

"నో, నో. కోనా విండ్." దక్షిణం వైపు చెయ్యి చూపించింది. ఈశాన్యం గాలి ఆగిపోయి దక్షిణం నుంచి ఉక్కపోత గాలి మొదలైతే ఇక్కడివాళ్ళు దాన్ని కోనా అంటారు.

నాకు పంతం వచ్చింది. మా ఊరి వైపు దక్షిణం గాలి వస్తే ప్రాణం లేచి వస్తుంది. దానికి భయపడటమేమిటి? లోపలికి పోయి కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. చదివిన మనిషినన్న ధీమా అది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. తరవాత నన్ను చూసింది.

"హూ రీడ్ దిస్?"

"మీ."

ఆమె తొడ మీద చరుచుకుని నవ్వింది. "యూ నో రీడ్! లుక్. కోల్డ్ ఫ్రంట్. కోల్డ్ ఫ్రంట్ కమింగ్." మొదటి వరుస మీద వేలు పెట్టి గీసింది.

నేను చూశాను. రోజూ నా వేలు మొదలయ్యే చోట ఎం అక్షరం ఉండాలి. అక్కడ ఏ ఉంది, తరవాత సి ఉంది. ఉదయం దాని మీద వేలు పెట్టి నేను మోస్ట్‌లీ సన్నీ అన్నాను.

చీరాల వైపు ఉన్న రోజుల్లో మా వీధిలో శుక్రవారాలు పారాయణం జరిగేది. ఒళ్ళో పుస్తకం తెరిచి కూర్చునే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. అక్షరం రాని రోజుల్లో కూడా కూర్చున్నాను. అంతా నోటికి వచ్చు. పక్కావిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని. నాలాంటివాళ్ళు అక్కడ ఆరేడుగురు ఉండేవాళ్ళు. దాన్ని మేమెవరం దొంగతనం అనుకోలేదు. పుస్తకం చేతిలో ఉండటం మర్యాద. ఎనిమిది నెలలుగా వాతావరణానికి కూడా నేను పారాయణమే చేశాను. అంకెలు నిజంగా వచ్చు కాబట్టి ఏ రోజు అంకె ఆ రోజు సరిగ్గా పలికేదాన్ని. దాంతో వినేవాళ్ళకు అనుమానం రాలేదు. నాకూ రాలేదు. అదే చదవడం అనుకున్నాను.

ఇద్దరం చెరో రెండు మూలలు పట్టి మిరపకాయల చీర లోపలికి మోశాం. ఆవిడ ఇంకా నవ్వుతూనే పోయింది.

నేను బల్ల దగ్గర కూర్చుని కాగితం ముందు పెట్టుకున్నాను. కోల్డ్ తెలిసింది, కుళాయి మీద ఉంటుంది. ఫ్రంట్ దగ్గర ఆగిపోయాను. ఒక్కో అక్షరం పలికి, కలిపి, మళ్ళీ విడదీసి, పావుగంట పట్టింది. పలికాక కూడా దాని అర్థం తెలియలేదు. అయినా ముందుకి పోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు వరుసలు అయ్యాయి. అన్నం తినలేదు. ఒంటిగంటంబావుకు వాన వచ్చింది. జల్లు కాదు. పెరడు కనపడకుండా కురిసింది.

రెండింటికి మనవరాలు తడిసి వచ్చింది. వరద భయానికి బడి తొందరగా వదిలేశారట. స్నేహితురాలి తల్లి కారులో దింపింది.

"అమ్మమ్మా, లైట్ వేసుకోలేదేంటి? ఏం చేస్తున్నావ్?"

"చదువుతున్నా."

"మార్నింగ్ చదివావ్ కదా."

"చదవలేదే. వల్లించాను. కాగితంలో ఒకటుంటే నేను ఇంకోటి చెప్పాను."

సంచి కింద పెట్టి, బూట్లు విప్పుతూ తల ఎత్తకుండా, "ఐ నో" అంది.

"ఏం తెలుసు నీకు?"

"సమ్మర్ అయ్యాక ఒకరోజు ప్రింటర్ దగ్గర మిక్స్ అయింది. నీకు నా స్కూల్ లంచ్ మెనూ ఇచ్చాను. పీజ్జా ఉన్న చోట నువ్వు మోస్ట్‌లీ సన్నీ అన్నావ్."

"నీ మొహం మండ! మరి అప్పుడే చెప్పొద్దూ?"

"డాడీ వీడియో తీస్తున్నారు. అందరూ హ్యాపీగా ఉన్నారు. నువ్వు కూడా. నాకు చెప్పాలి అనిపించలేదు." రెండో బూటు లాగేసింది. "ఐ థాట్, తర్వాత నిజంగా వస్తుందేమో అని."

దాన్ని ఇంకా నాలుగు మాటలు అందామనుకున్నాను. ఆ నాలుగూ నాకే తగులుతాయి. తువ్వాలు ఇచ్చి తల తుడుచుకోమన్నాను. తరవాత ఫ్రంట్ అంటే ఏమిటని అడిగాను. "కోల్డ్ ఎయిర్ వచ్చి వార్మ్ ఎయిర్‌ని పుష్ చేస్తుంది అమ్మమ్మా. ముందు ఉండే ఎడ్జ్‌ని ఫ్రంట్ అంటారు" అంది. సమూహంలో ముందు నడిచే వరుసలాంటిదన్నమాట. మిగతా రెండు వరుసలూ దాని ఎదుటే చదివాను. ఈసారి అది తప్పులు పట్టింది. చాలా పట్టింది.

ఆరింటికి అమ్మాయీ అల్లుడూ వచ్చేసరికి గాలి ఉత్తరానికి తిరిగింది. చల్లబడింది. అమ్మాయి స్వెటరు వెతుక్కుంటూ వంటగదిలోకి వచ్చింది. అన్నాలు వడ్డిస్తూ చెప్పేశాను.

అమ్మాయి ముద్ద కలపడం ఆపింది. "ఎనిమిది నెలలుగా?"

"ఎనిమిది నెలలుగా."

"ఇంకా మూడు రోజుల్లో ఇంటర్వ్యూ పెట్టుకుని ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే తెలిసింది. తెలియగానే చెప్తున్నా. ఇంకెప్పుడు చెప్పమంటావు?"

అల్లుడు మధ్యలో వచ్చారు. "పోనీలెండి అత్తయ్యా. రీషెడ్యూల్ చేద్దాం. ఈ వెదర్‌కి ఇంటర్‌ఐలండ్ ఫ్లైట్స్ క్యాన్సిల్ అవుతున్నాయి, రీజన్ కూడా రెడీగా ఉంది."

"గురువారానికి అంతా క్లియర్ అయిపోతుంది డాడీ" అంది మనవరాలు.

"నువ్వు ఊరుకో. నీ సంగతి తర్వాత" అంది అమ్మాయి.

నేను కాగితం తెచ్చుకుని మొదటి వాక్యం చదివాను. వాళ్ళ ముఖాలు చూడకుండా వేలి వైపే చూస్తూ చదివాను. "ఎ... కోల్డ్... ఫ్రంట్... విల్... మూవ్... ఎక్రాస్... మావీ..." ఎక్రాస్ దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. అయ్యేసరికి పులుసు చల్లారింది.

"ఈసారి వీడియో తీయలేదేం బాబూ?" అన్నాను.

ఆయన నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. "ఆఫీసర్ ఇంతసేపు ఆగడమ్మా. ఫెయిలైతే పెద్దమ్మ దగ్గరికి వెళ్ళడం ఎంత లేటవుతుందో తెలుసా? ఉగాదికి వస్తానని ఆవిడకు చెప్పావు."

"తెలుసు. గురువారమే వెళ్దాం. తప్పితే రెండోసారి పిలుస్తారుగా. వాన వంక పెట్టి వాయిదా వేస్తే మీరంతా జాలిపడి ఆ మూడు వాక్యాలేవో కనుక్కుని నాతో వల్లె వేయిస్తారు. నేనూ వల్లిస్తాను. నాకది సులువు."

అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకుంది. అది మింగి, "సరే, గురువారం నేను సెలవు పెడతా" అంది.

గురువారం ఎండ కాసింది, విమానం సరిగ్గానే ఎగిరింది. పరీక్షలో తప్పాను. మొదటి వాక్యంలో రెండు మాటలు, రెండోదాంట్లో మూడు, మూడోది మొదట్లోనే ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న ఆయన మర్యాదగానే ఉన్నాడు, మళ్ళీ పిలుస్తామన్నాడు. మార్చిలో పిలిచారు. రెండో వాక్యం చదివాను. ప్రమాణం, పాస్‌పోర్టు, చీరాల వెళ్ళి ఉండటానికి కాగితాలు అన్నీ అయ్యేసరికి ఉగాది పోయి దసరా కూడా వెళ్ళిపోయింది. అక్క గడపలోనే పట్టుకుంది. "ఏమే, నేను పోయాక వద్దామనుకున్నావా?" అంది. జరిగిందంతా చెప్పాను. "చలిగాలికి పరీక్ష తప్పడమేమిటే, నీ బొంద" అంది. పరీక్ష తప్పింది చలిగాలి వల్ల కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమెకు అన్నం కలిపి పెట్టాలి.

ఆ సోమవారం వంటగదిలో ఉన్నది మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, నేను; తరవాత గోడ దగ్గర పక్కింటి ఫిలిప్పీన్సు ముసలావిడ.