దర్జీ ఇంటి పిల్లి

పొద్దున్నే మిషన్ మీద కప్పిన గుడ్డ తీసి, దర్జీ ముందుగా ఒక పనికిరాని పీలిక మీద నాలుగు కుట్లు వేస్తాడు. దారం బిగువు సరిపోయిందని తేలాకే గిరాకీల బట్ట ముట్టుకుంటాడు. ఏ పనికైనా ముందూ వెనకా చూసుకునే మనిషి.

కూతురు కుక్కపిల్ల కావాలని పట్టుపట్టినప్పుడూ అంతే. ముందుగది దుకాణం, వెనకగది ఇల్లు. ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

"కుక్కంటే రోజూ షికారు తిప్పాలి. పెళ్లయ్యాక నన్నే తిప్పలేదు మీ నాన్న," అంది తల్లి.

"పోనీ చిలక?"

"ఇంట్లో వాగడానికి నువ్వు చాలవూ?"

"చేపలు తెస్తాలే, పెద్ద ఖర్చుండదు," అన్నాడు దర్జీ.

"చేపని ఒళ్లో ఎలా పడుకోబెట్టుకుంటాం నాన్నా?"

చివరికి పిల్లి అనుకున్నారు. ఇన్ని పాలు పోస్తే చాలు, పెద్ద చోటక్కర్లేదు, పైగా కుట్టిన బట్టలు కొరికే ఎలుకల పీడ వదులుతుంది. బట్టలకు వెంట్రుకలు అంటకుండా దర్జీ బీరువా తలుపు కూడా బాగుచేయించాడు. పాలావిడ ఒక బూడిదరంగు పిల్లికూనను ఊరికే ఇచ్చింది. అది వచ్చాక, కూతురు స్కూలు నుంచి రాగానే కత్తిరింపు బల్ల కింద దూరేది. ఒళ్లో పిల్లి, పిల్లి మీద పుస్తకం. అన్నీ చూసుకున్నారు, నేల మీద రాలే దారాల సంగతి తప్ప.

ఒక ఆదివారం పిల్లి పాలు ముట్టలేదు. నోటి పక్కన ఎర్రదారం కొస వేలాడుతోంది. దారం కొస కనిపిస్తే దర్జీ చెయ్యి ఊరుకోదు, ఎదుటివాళ్ల చొక్కా మీదిదైనా లాగి తెంపాల్సిందే. లాగాడు. జానెడు వచ్చి ఆగింది. ఇంకాస్త గట్టిగా లాగాడు. పిల్లి అరిచిన అరుపుకి, గుమ్మంలోంచి చూస్తున్న కూతురు పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

సంచిలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన పొట్ట నొక్కి చూశాడు.

"దారం పేగుల్లో చిక్కుకుంది. లాగితే పేగు కోసుకుపోతుంది. ముట్టుకోకుండా తేవాల్సిందయ్యా," అన్నాడు మెల్లగా. ఆపరేషన్ చేశాడు. సాయంత్రానికి పిల్లి చచ్చిపోయింది.

తిరిగొస్తుంటే తల్లి అంది, "తెలియక చేశారమ్మా మీ నాన్న."

"తెలుసు," అంది కూతురు. "రెండోసారి ఎందుకు లాగావు నాన్నా?" అనడిగింది.

దర్జీ సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని నడిచాడు. కూతురు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పిలిస్తే పలుకుతుంది, అన్నానికి పక్కనే కూర్చుంటుంది. సెలవుల చివర్లో, స్కూలు తెరిచేముందు, బట్టలకు కొలతలు తీసుకుందామని దర్జీ టేపు పట్టుకుని దగ్గరికెళ్తే మాత్రం, తనకే తెలియనట్టు ఓ అడుగు వెనక్కి వేసింది. దర్జీ టేపు మెడలో వేసుకుని మిషన్ ముందు కూర్చున్నాడు.

ఈ ఏడు ఆ పిల్ల స్కూలు బట్టలు బజారులో కొన్నారు.