కుట్టుమిషనావిడ ప్రశ్న

వారపత్రికలో ఆఖరి పేజీకి ముందు పేజీ ఆయనది. పాఠకులు అడుగుతారు, ఆయన జవాబిస్తాడు. పందొమ్మిదేళ్లుగా అదే పని. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి, తలా కాళ్లూ ఎందుకు కావు అని ఎవరో అడిగితే, "అద్దం దేన్నీ తిప్పదు. మీ కుడి చెయ్యి కుడివైపే, తల పైనే ఉంటాయి. అందులోని మనిషి మీవైపు తిరిగి నిలబడ్డాడనుకుని కుడిని ఎడమ చేసేది మీరే" అని రాశాడు. అందరూ ఆయన్ని జవాబుల మాస్టారు అనేవారు. జన్మలో ఏ పిల్లాడికీ పాఠం చెప్పినవాడు కాదు, అయినా ఆ పిలుపుకి ఉబ్బిపోయేవాడు.

ఆ సంబరం ఒక పోస్టుకార్డుతో పోయింది. కింద సంతకం "కుట్టుమిషనావిడ" అని. "మా ఇంట్లో బట్టలు కుట్టేది నేనొక్కదాన్నే. కత్తెర మాత్రం అందరికీ దొరుకుతుంది, నాకు తప్ప. ఎందుకండీ?"

"అందరూ వాడేశాక మీరు వెతుకుతారు గనక" అని మాస్టారు చక్కటి జవాబే ఇచ్చాడు. పత్రిక ఇంటికొచ్చింది. భార్య ప్రశ్న దగ్గరే పగలబడి నవ్వి, నవ్వుతూనే పేజీ తిప్పేసింది.

"జవాబు చదివావా?" అన్నాడు.

"చదువుతాలెండి. ఎవరో గానీ భలే అడిగిందండీ."

మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాత వారం వారం కార్డు వచ్చేది. "పక్కవాళ్లు ఆవలిస్తే నాకూ ఆవలింత వస్తుంది. తుమ్మితే తుమ్ము రాదేం?" పాఠకులు ఆవిడ ప్రశ్న కోసమే పేజీ తెరుస్తున్నామని రాశారు. సంపాదకుడు ఇంకో అడుగు ముందుకేసి, "ఆవిడ ప్రశ్న పైన పెద్దక్షరాల్లో వేద్దాం మాస్టారూ" అన్నాడు. మాస్టారు సరేనన్నాడు గానీ లోపల కుతకుత ఉడికిపోయాడు. ప్రశ్న అడగడం ఏం గొప్ప? నోరున్న ప్రతివాడూ అడుగుతాడు. ఆలోచించేది తను, పేరొచ్చేది ఆవిడకి.

ఉత్తరాలు చాలనప్పుడు తనే ప్రశ్నలు పుట్టించి, ఏదో పేరు తగిలించడం ఆయనకి పాత అలవాటు. ఆ పేజీలు రాసేవాళ్లందరూ చేసేదే. ఈసారి దానికి ఓ తోక తగిలించాడు. ఆవిడ కార్డులు సొరుగులో పడేసి, ఆవిడ సంతకంతో తనే ప్రశ్నలు రాశాడు. కావాలనే చప్పటివి. "బొత్తాలు గుండ్రంగా ఎందుకుంటాయి?" అలాంటివి మూడు వారాలు నడిపాడు. వాటి పక్కన తన జవాబులు వెలిగిపోతాయనుకున్నాడు పాపం. అవీ చప్పగానే వచ్చాయి, ఆ సంగతి తనకే తెలీలేదు.

నాలుగో వారం సంపాదకుడు మేడమీది గదికి పిలిచాడు. కింద అచ్చుయంత్రం తిరుగుతుంటే బల్ల అదురుతోంది. బల్లమీద కార్డు. కార్డు గనక, ఆఫీసంతా అప్పటికే చదివేసింది.

"అయ్యా, ఈ మూడు వారాల ప్రశ్నలు నావి కావు. 'ఏమ్మా, ఒంట్లో బాగోలేదా' అని మా వీధిలో అడుగుతున్నారు. నా పేరు మీకెందుకు కావాల్సొచ్చింది? అదీ నన్ను తెలివితక్కువదాన్ని చెయ్యడానికి? ఇదే ఈ వారం నా ప్రశ్న."

"ఇది వెయ్యాల్సిందే," అన్నాడు సంపాదకుడు. "జవాబు మీరు రాయండి. తప్పించుకున్నారో, వచ్చేవారం నుంచి పేజీ ఆవిడకిస్తాను."

మాస్టారు తన బల్ల దగ్గర కూర్చున్నాడు. పేర్లు కలిసిపోయాయని రాశాడు, కొట్టేశాడు. ఆవిడ అభిమాని ఎవరో పంపి ఉంటారని రాశాడు. తర్కం గట్టిగానే ఉంది, అబద్ధం కూడా గట్టిగానే ఉంది. చించేశాడు. పేజీ పోతుందన్న భయం కంటే, అది ఆవిడకి పోతుందన్న మాటే ఆయన్ని ఎక్కువ కోసింది. ఆ సంగతి తనకి తెలిసొచ్చాక సిగ్గేసింది. సాయంత్రం ఒకే మాట రాసిచ్చాడు. "ఓర్వలేక."

అచ్చయింది. మర్నాటి నుంచి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. తిట్లుంటాయని భయపడుతూ విప్పాడు. ఒకరిద్దరు తిట్టారు. మిగతా అందరూ ప్రశ్న ఎంత బాగుందో రాశారు.

జవాబు గురించి వచ్చింది ఒక్కటే. కుట్టుమిషనావిడ కార్డు. "పందొమ్మిదేళ్లుగా అందరికీ తెలివి చూపించారు. ఈ వారం మిమ్మల్ని చూపించారు."

మాస్టారు రెండుసార్లు చదివాడు. కళ్లు చెమర్చాయి. ఆ రెండు ముక్కలూ తనకంటే బాగా రాసిందని కడుపు మళ్లీ మండింది.