పత్తి ఒడిలో చెట్టు కంగారూ

రెండేళ్ల కిందటి మాట. సలాలాలో అప్పుడే తుంపర కాలం మొదలైంది. ఒమాన్‌లో మిగతా చోట్ల ఎండ మండిపోతుంటే అక్కడి కొండలు మంచులో తడుస్తుంటాయి. ఊరి బయట ఒక అర్బాబు, అంటే యజమాని, తన తోటలో అరుదైన జంతువులను తెచ్చి వాటి సంతతి పెంచేవాడు. మా ఆయన పోయాక జగిత్యాల దిక్కు నుంచి వెళ్లి అక్కడ మేత కోసే డ్యూటీలో చేరాను.

నాకు అప్పగించినవి చెట్టు కంగారూలు. ఎలుగుబంటి మొహం, కోతి బతుకు, పొట్ట మీద పిల్లను మోసే సంచి. తిండీ నిద్రా చెట్టు మీదే. వాటి పుట్టిల్లు న్యూగినియా దీవి. అక్కడ అడవులు నరికి, వేటాడి, కొన్నే మిగిల్చారట. మా తల్లి కంగారూకు అది తొలిచూలు.

ఒక పొద్దున వెళ్లేసరికి పిల్ల గడ్డిలో పడి ఉంది. తల్లి సంచిలో పుండు లేచి, పిల్లను దగ్గరికి రానివ్వడం లేదు. తోటలో జంతువులకు వైద్యం చేసే హైదరాబాదు డాక్టరమ్మ ఒక గుడ్డసంచి హీటర్ పక్కన వేలాడదీసి పిల్లను అందులో పెట్టింది. దాన్ని పౌచ్ అంటారు. ఎంత వెచ్చగా ఉన్నా పిల్ల పాలసీసా ముట్టలేదు.

"తల్లి కదిలినట్టు కదలాలె అవ్వా. ఎవరన్న మోస్తెనే బతుకుతది," అంది డాక్టరమ్మ.

"పత్తి ఏరినదాన్ని, మొయ్యనా?"

పత్తి చేలో దూది వేసుకోవడానికి నడుముకు ఒడి కట్టుకుంటాం. అలాగే కట్టి, పిల్లను పౌచ్‌తో సహా అందులో పెట్టుకున్నాను. ఆకు కోస్తూ తిరుగుతుంటే మెల్లగా సీసా పట్టింది.

అక్కడే పనిచేసే కడప ఖాజా చూసి నవ్వాడు. "ఏందక్కా, చెప్పాపెట్టకుండా నెలలు నిండినట్టుండాయే?"

"నిండినయ్‌రా. మేనమామవు నువ్వే గద, పురుడు నువ్వే పొయ్యి."

పిల్ల బొద్దుగా అయింది, బొచ్చు ఎర్రబడింది. బంగారీ అని పిలిచేదాన్ని. కానీ కొమ్మ మీద పెడితే దిగి, గెంతుకుంటూ నా ఒడిలోకే వచ్చేది. నాకు ముద్దుగానే ఉండేది. డాక్టరమ్మకు దిగులు పట్టుకుంది.

"ఎక్కకుంటే కాళ్లకు బలం రాదు. తన జాతిల కలవదు, రేపు పిల్లలను కనదు. ఉన్నయే కొన్ని. ఒడి విప్పు అవ్వా."

"ఏడుస్తదమ్మా."

"అదా, నువ్వా?"

మరునాడు ఒడి విప్పి, చిలగడదుంప ఆకు లోపల పెట్టి, కింది కొమ్మకు కట్టాను. నా వాసన పట్టుకుని ఎక్కింది. రోజూ ఇంకొంచెం పైకి కట్టేదాన్ని. ఖాజా నిచ్చెన పట్టుకుని "పచ్చి బాలింతవు, పైలం" అనేవాడు.

అప్పటికి తల్లి పుండు మాని, దాన్నీ ఆ చెట్టు మీదికే వదిలారు. ఒకరోజు తుంపరలో బంగారి ఒడి దాకా ఎక్కి, దాన్ని దాటేసి, పైకొమ్మ మీదున్న తల్లి పక్కకు చేరింది. తల్లి దాని వాసన చూసి, చెవి నాకింది.

"బంగారీ!" అన్నాను. ఆకు నములుతూ కిందికి చూసింది. దిగలేదు.

"గుడ్డ తెచ్చుకోవాక్కా?" అన్నాడు ఖాజా.

"ఉండనియ్‌రా."

నిండిన ఒడిని దించుకోవాలని పత్తి చేలోనే నేర్చుకున్నాను. దించుకోవడానికి ఒక చెట్టు మిగిలి ఉండాలని మాత్రం సలాలాలో తెలిసింది.