ముందే చెప్పేసిన సాక్ష్యం

మా రెండో బిడ్డకు ఆరేళ్లు నిండినా క, గ పలికేవి కావు. కాకి మా ఇంట్లో తాతి, గంప దంప. ఆమె మాట మాకు పూర్తిగా అర్థమయ్యేది, బడిలో పంతులుకు సగం అర్థమయ్యేది. అమరచింతలోని మా చర్చి సంఘంలో మాత్రం ఆమె నోట్లో లోపమేమిటో అందరికీ నాకంటే బాగా తెలుసు.

ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వెతుక్కునే వేళ వైద్యం మొదలయ్యేది. పుట్టినప్పుడు నాలుకకు వస రాయలేదని ఒకామె అనేది. నాలుక కింద నరం పొట్టిగా ఉంది, కోయించాలని ఇంకొకామె. తన కోడలి నాలుకను కూడా కోయించాలని ఆమె చాలాకాలంగా అనుకుంటున్న సంగతి అందరికీ తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు నేను గుమ్మడికాయ తిన్నందుకే ఇదంతా అని మా అత్త. ఆ ఏడు మా ఇంట్లో తినడానికి ఉన్నది గుమ్మడికాయే అన్నది ఆమె మరచిపోయింది. చివరికి ఎవరో ఒకరు వంగి బిడ్డ గడ్డం పట్టుకొని "క అనవే" అనేవారు. ఆమె "త" అనేది. అడిగినవాళ్లు తమను తిట్టినట్టు ముఖం పెట్టి వెళ్లిపోయేవారు. ఆ వెంటనే మరొకరు వంగేవారు.

అదే చర్చిలో నేను సండే స్కూల్ టీచరును. పిల్లలతో వాక్యాలు కంఠస్థం చేయించడం నా పని. ఊరి పిల్లలందరూ తడబడకుండా అప్పజెప్తుంటే నా బిడ్డ వంతు వచ్చేసరికి వెనక బెంచీలో నవ్వులు. నాకు ఆమె బాధకంటే నా తలవంపే ముందు కనిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటాను.

పాస్టరయ్య దీన్ని మూగదయ్యం అన్నారు. మూగదయ్యం పట్టిన పిల్ల పొద్దంతా అక్కతో ఎట్లా పోట్లాడుతుందని నేను అడగలేదు. నేనూ అదే నమ్మాను. ఏడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. ప్రతి శుక్రవారం, ప్రార్థించిన కొబ్బరినూనె బిడ్డ నాలుక మీద ఒక్క చుక్క. ఏడో శుక్రవారం అయ్యగారి చేయి ఉత్సాహంలో ఊగి చుక్క కాస్తా చెంచాడైంది. బిడ్డకు పొలమారింది. గొంతు లోపలి నుంచి గట్టిగా దగ్గింది. కట్టు తెగింది, స్తోత్రం చెల్లించండి అన్నారు అయ్యగారు. హల్లెలూయాలకు పైన రేకులు అదిరాయి. అన్నిటికంటే పెద్దది నాదే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. మేలు పొందినవాళ్లు మరుసటి ఆదివారమే లేచి సాక్ష్యం చెప్పాలి. ఆలస్యం చేస్తే మేలు వెనక్కి పోతుందని భయం. ఇంకా చేతికి అందని మేలును అందినట్టే చెప్పగలిగితే అది మరీ గొప్ప విశ్వాసం. నేను గొప్ప విశ్వాసినని పేరు. లేచి నిలబడి, నా బిడ్డ నాలుక విడుదలైందని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే. ఇంటికి రాగానే బిడ్డ నా కొంగు పట్టుకొని, "అమ్మా, ఆతలైతుంది" అన్నది.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. తప్పు చెప్పానని సంఘంలో ఒప్పుకోవాలి, లేదా బిడ్డ నోరు మూయించాలి. రెండోది సులువు. చర్చిలో ఎవరేమడిగినా తల ఊపమన్నాను. బుద్ధిగా ఊపితే బిస్కెట్ పుడ కొనిస్తానన్నాను. నువ్వు మాట్లాడితే దేవుని ఇజ్జత్ పోతుందని కూడా అన్నాను. మొదట చర్చిలో మాట మానేసింది. తర్వాత సంఘంవాళ్లు నీళ్లకొచ్చే బోరింగు దగ్గర, ఆ తర్వాత వీధిలో. సంఘంవాళ్లు లేని చోటు మా ఇల్లొక్కటే. అక్కడా మా అత్త ఉంది. మూగదయ్యాన్ని వెళ్లగొట్టడానికి సంఘానికి ఏడు శుక్రవారాలు పట్టింది. దాన్ని తెచ్చి పెట్టడానికి నాకు ఒక్క నెల చాలింది.

ఈలోగా అయ్యగారు నా సాక్ష్యాన్ని గద్వాల దాకా మోసుకెళ్లారు. మూడు నెలల్లో అక్కడ సువార్త సభలు. వేదిక మీద బిడ్డతో వాక్యం చెప్పిస్తామని మాట ఇచ్చి వచ్చారు. కరపత్రం అచ్చయి వచ్చింది. అందులో నా బిడ్డ పుట్టుమూగ.

వనపర్తిలో ఒక చెవి, ముక్కు, గొంతు దవాఖాన వెనక గదికి నెలకు రెండు శనివారాలు హైదరాబాద్ నుంచి స్పీచ్ డాక్టరమ్మ వస్తుందని విన్నాను. ఇంట్లో బట్టలు కొనడానికని చెప్పి, ఆత్మకూరులో బస్సు మారి, బిడ్డను తీసుకెళ్లాను. దేవుడు చేసేశాడని నేను చాటిన పనిని గడువులోపల చేయించుకోవడానికి వెళ్లాను. ఇటువంటి భక్తురాలు వేరొకరు ఉంటారనుకోను.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ముందు బిడ్డ వెనక నిలబడి మెల్లగా పిలిచి, చెవులు వింటున్నాయో లేదో చూసింది. టార్చి వేసి అంగిలి చూసింది, నాలుక బయటికి, పైకి, పక్కలకు కదిలించమన్నది. తర్వాత బొమ్మల కార్డులు ఒక్కొక్కటి చూపించి పేరు చెప్పమన్నది. బిడ్డ నా ముఖం చూసింది. నేను తల ఊపాకే, అదీ గుసగుసగా, చెప్పింది. డాక్టరమ్మ ఏ మాటనూ తప్పనలేదు, తిరిగి అనమనలేదు. విన్నది విన్నట్టు కాగితం మీద రాసుకున్నది.

నాలుక నరం బాగానే ఉంది, చెవులు బాగానే ఉన్నాయి అన్నది చివరికి. క, గ అనడానికి నాలుక వెనక భాగం పైకి లేవాలి; ఈమె ముందు భాగం లేపుతోంది, అలవాటు మార్చాలి, అంతే. వసా గుమ్మడికాయా దయ్యమూ ఒక్క ముక్కలో గదిలోంచి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఆమె సంత బొమ్మ ఒకటి పెట్టి, ఇందులో ఏం జరుగుతుందో నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు అన్నది. బిడ్డ నోరు తెరవలేదు.

"ఇంట్లో మాట్లాడుతుందా అమ్మా?"

"మస్తు మాట్లాడుతది మేడం. నోరే మూయదు."

బిడ్డ నన్నొకసారి చూసి, కుర్చీ దిగి, డాక్టరమ్మ చెవి దగ్గరికి పోయింది. గుసగుసే అయినా ఆ చిన్న గదిలో నాకూ వినిపించింది.

"నేను మాట్లాడితే దేవుని ఇజ్జత్ పోతదంట."

డాక్టరమ్మ దేవుని గురించి ఏమీ అడగలేదు. కాగితం పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అక్షరం నేను నేర్పిస్తాను. మాట్లాడనివ్వడం మీ పని. మాట్లాడని నోటికి నేనేం నేర్పాలమ్మా?"

గద్వాల సభల వరకు క వస్తదా అని అప్పటికీ అడిగాను. సిగ్గు అంత త్వరగా రాదు. తారీఖు పెట్టి చెప్పలేనన్నది ఆమె. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, అలా పడుకుంటే నాలుక తనంతట వెనక్కి జారుతుందని చూపించింది. తర్వాత లేపి, నీళ్లు పుక్కిలించమన్నది. చెంచా కాడతో నాలుక కొసను నెమ్మదిగా కిందికి పట్టింది. ఉత్తగా దగ్గమన్నది. దగ్గినప్పుడు కదిలేది కూడా ఆ వెనక చోటేనట. నాకు ఏడో శుక్రవారం నూనె గుర్తొచ్చింది. అయ్యగారు చోటు సరిగానే కనుక్కున్నారు. రోజూ కాసేపు ఆటలాగా చేయించమన్నది. నలుగురిలో అడగొద్దన్నది. తాతి అంటే తప్పనకుండా, "అవును, కాకి" అని చెప్పి మాట ముందుకు నడపమన్నది.

తిరుగు బస్సులో బిడ్డ కిటికీలోంచి మేకలను చూస్తూ కూర్చుంది. లేఖనాల్లో నాలుక మందమైన ప్రవక్త ఒకాయన ఉన్నాడు. దేవుడు ఆయన నాలుకను సరిచేయలేదు. ఆ నాలుకతోనే రాజు ముందుకు పంపాడు. దారిలో ఎవరూ ఆయన గడ్డం పట్టుకొని అక్షరం అడిగినట్టు రాసి లేదు. ఆయన తెచ్చిన, అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞను ఏటా పిల్లలతో వల్లె వేయించేది నేనే.

మరునాడు సాక్ష్యాల సమయంలో లేచాను.

"అందరికి వందనాలు. నా బిడ్డకు క ఇంక రాలే. వచ్చిందని నేను చెప్పింది అబద్ధం. దాన్ని నోరు మూసుకొమ్మన్నది గూడ నేనే."

ముందు వరుసలోని పెద్దమ్మ వెనక్కి తిరిగి, "గట్లయితే మేమున్న ఉపాసాలేం గావాలె?" అన్నది. న్యాయమైన ప్రశ్నే. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. కరపత్రం సంగతి ఆలోచించారో ఏమో, ఆయన ముఖం నెమ్మదిగా వెలిగింది.

"ఒప్పుకోలు నాలుక స్వస్థతకంటె పెద్దది చెల్లె. గద్వాలల గిదే చెప్పు. దానికంటె గిదే మంచిగుంటది."

అంతలో బిడ్డ నా కొంగు లాగింది. ఈసారి గుసగుస కాదు, సంఘమంతా వినేలా అడిగింది.

"అమ్మా, ఇద మాట్లాడొచ్చునా?"

"అవును, ఇగ మాట్లాడు బిడ్డా."

మాట్లాడింది. అయ్యగారు కళ్లు మూసి దీర్ఘ ప్రార్థన అందుకున్నారు. బిడ్డ, పక్కనున్న అక్కకు బల్ల మీద పడుకున్న సంగతి, నీళ్లు పుక్కిలించిన సంగతి, బస్సులో చూసిన మేకల సంగతి నెల రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు చెప్పుకుంటూ పోయింది. 'క'లన్నీ 'త'లే, 'గ'లన్నీ 'ద'లే. ఆమెన్ తర్వాత కూడా ఆపలేదు. చెప్పుల దగ్గర ఒకామె అలవాటు కొద్దీ వంగింది. అడగకు వదినె అని నేను చేయి అడ్డం పెట్టాను.

గద్వాలకు మేము పోలేదు. వనపర్తికి మాత్రం నెలకు రెండుసార్లు పోయాం. చలి తగ్గి ఎండలు మొదలైన ఒక పొద్దున నేను పొయ్యి దగ్గరుంటే వాకిట్లోంచి కేక వినబడింది.

"అమ్మా, కోడి దింజలు తింటుంది."

క వచ్చింది. గ ఇంకా దారిలో ఉంది. లేచి, తలుపులు తెరిచి, సంఘమంతటికీ చాటాలని కాళ్లు లాగాయి. పొయ్యి ముందే గట్టిగా కూర్చుని, స్తోత్రం ప్రభువా అని పెదవుల మీదే అనుకున్నాను.

"అవును, కోడి గింజలు తింటుంది. తోలు బిడ్డా" అన్నాను.

తోలడానికి పరుగెత్తింది.